అరకొర గాలితో అంటించిన మంట

భూమి లోతున ఉన్న చిక్కటి ముడి చమురులో కొంత భాగాన్ని అక్కడే తగలబెట్టి, ఆ వేడికి మిగతా చమురు పలచబడి బావుల్లోకి పారేలా చేసే పద్ధతిని భూగర్భ దహనం అంటారు. పెట్రోలియం రంగంలో ఈ పద్ధతికి మంచి పేరు లేదు. కాగితం మీద ముచ్చటగా ఉంటుంది, ప్రయోగశాలలో ఫలితం చూపిస్తుంది, చమురు క్షేత్రంలో దిగితే మాత్రం జూదమేనని తీర్పు స్థిరపడిపోయింది. 1950ల నుంచి అమెరికాలో, కెనడాలో మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన ప్రయత్నాలు చాలా ఉన్నాయి కాబట్టి ఈ తీర్పుకు ఆధారం లేదనలేం. దీనితో పాటు ఇంకో నమ్మకం కూడా నడుస్తోంది. కంటికి కనిపించని మంటను అదుపులో ఉంచాలంటే గాలి తక్కువ పంపడమే క్షేమమనీ, చమురు ఎంత నెమ్మదిగా ఆక్సీకరణ చెందినా పుట్టేది వేడే కనుక నష్టమేమీ లేదనీ అంటారు. ఈ రెండు అభిప్రాయాలూ వేర్వేరుగా కనిపిస్తాయి కానీ వాటి మధ్య కార్యకారణ సంబంధం ఉంది. రెండోదాన్ని నమ్మి పని చేయడం వల్లనే చాలా చోట్ల మొదటిది నిజమైంది. జాగ్రత్త పేరుతో గాలిని బిగపట్టి, మంటను చంపి, ఆ తర్వాత మంటను నమ్మలేమని చెప్పడం ఆడలేక మద్దెల ఓడు అనడం లాంటిదే.

ఆ చమురు ఎలాంటిదో ముందు చూడాలి. నీటి చిక్కదనం ఒక సెంటీపాయిజ్. ఆముదానిది వందల్లో ఉంటుంది. రొమేనియాలోని సుప్లాకు దె బర్కావు క్షేత్రంలో చమురు చిక్కదనం దాదాపు 2,000. కెనడాలోని అథబాస్కా తారు చమురు భూమిలో ఉన్న చల్లదనంలో పది లక్షలు దాటుతుంది. అదే తారు 200 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే దాదాపు నీళ్లలా పారుతుంది. అంటే ఇక్కడ కావలసింది వేడి ఒక్కటే. భూగర్భ దహనంలో ఒక బావి గుండా గాలిని లోపలికి నెట్టి, దాని అడుగున నిప్పు రాజేస్తారు. మంటకు ముందున్న చమురులోని తేలిక భాగాలు ఆవిరై ముందుకు పోతాయి. బరువైన భాగాలు వేడికి విరిగి, ఇసుక రేణువుల మీద నల్లటి కోక్‌ను మిగులుస్తాయి. తర్వాత వచ్చే గాలి కాల్చేది ఆ కోక్‌నే. విలువైన చమురునంతా భూమిలోనే తగలబెడతారన్న అపోహ ఇక్కడే తొలగిపోవాలి. ఒక ఘనపు మీటరు ఇసుకరాతిలో నూటికి ముప్పై పాళ్లు ఖాళీ రంధ్రాలనీ, అందులో డెబ్బై శాతం చమురు నిండి ఉందనీ అనుకుంటే, చమురు 210 లీటర్లు, బరువులో సుమారు 200 కిలోలు. ఏర్పడే కోక్ 25 కిలోలు అనుకుంటే కాలిపోయేది ఎనిమిదో వంతు. అదీ శుద్ధి కర్మాగారంలో ఎవరికీ అక్కరలేని అడుగు సరుకు. కిలో కోక్ పూర్తిగా కాలడానికి సుమారు 12 ఘనపు మీటర్ల గాలి కావాలి. అంటే ఘనపు మీటరు రాతికి 300 ఘనపు మీటర్ల గాలి. గాలి తక్కువైనా ఫరవాలేదనే వాళ్లు ఈ 300ని గుర్తుపెట్టుకోవాలి.

అసలు విషయం ఆక్సీకరణలోనే ఉంది. బరువైన చమురుకు ఆక్సిజన్ తగిలినప్పుడు రెండు వేర్వేరు దారుల్లో చర్య జరుగుతుంది. వేడి 300 డిగ్రీల లోపు ఉంటే ఆక్సిజన్ ఎక్కువగా వెళ్లి చమురు అణువుకు అతుక్కుంటుంది. ముందు హైడ్రోపెరాక్సైడ్లు, వాటి నుంచి ఆల్డిహైడ్లు, కీటోన్లు, ఆల్కహాళ్లు, ఆమ్లాలు పుడతాయి. అణువులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని మరీ పెద్దవవుతాయి. వంటింట్లో నూనె డబ్బా మూత అంచున నెలల తరబడి తుడవకుండా వదిలేస్తే ఏం జరుగుతుందో ప్రతి ఇంట్లోనూ తెలుసు. అక్కడ కారిన నూనె గాలి తగిలి జిగురు కడుతుంది, గోరుతో గీకితే తప్ప రాదు. చెక్కకు పూసిన అవిసె నూనె ఆరి గట్టి పొరగా మారేదీ ఈ కారణంగానే. ముడి చమురు రసాయనం వంటనూనె రసాయనం కాదు, కానీ ఆక్సిజన్ అతుక్కుని అణువులు పెరిగే తీరు ఒకలాంటిదే. అథబాస్కా తారును తక్కువ వేడిలో ఆక్సీకరించిన ప్రయోగాల్లో పలచటి భాగాలు ఆస్ఫాల్టీన్లనే అతి బరువైన భాగాలుగా మారాయి, ఆస్ఫాల్టీన్లు కోక్‌గా మారాయి, చిక్కదనం అనేక రెట్లు పెరిగింది. వేడి 350 డిగ్రీలు దాటాక దారి మారుతుంది. అప్పుడు కార్బన్ బంధాలే తెగిపోయి కార్బన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, నీరు మిగులుతాయి. దీన్నే నిజమైన దహనం అనాలి. మొదటి చర్య చమురును కదలనివ్వకుండా బిగిస్తుంది, రెండోది తన వేడితో కదిలిస్తుంది. ఈ రెంటినీ ఆక్సీకరణ అనే ఒకే మాట కింద పడేసి, నెమ్మది రకం, వేగం రకం అని సరిపెట్టడమే ఈ రంగంలో జరిగిన పెద్ద పొరపాటు.

తక్కువ వేడి ఆక్సీకరణలోనూ వేడి పుడుతుంది కదా అని అడుగుతారు. పుడుతుంది. ఆ మాట కాదనను. కానీ ఆ వేడి ఒకచోట కూడుకోదు. పొర అంతటా పలచగా పరుచుకుంటుంది, చుట్టూ ఉన్న రాయి తాగేస్తుంది. ఈలోగా చమురు ఇంకా చిక్కబడుతుంది. ఈ వాదనకు మూలం తేలిక చమురు అనుభవంలో ఉంది. అమెరికాలోని సౌత్ డకోటాలో బఫెలో క్షేత్రంలో 1979 నుంచి లోతైన తేలిక చమురు పొరల్లోకి గాలి పంపారు. అక్కడ గాలికి ఇచ్చిన పని వేరు. ఆక్సిజన్ ఖర్చై మిగిలిన వాయువులే పలచటి చమురును నెట్టుకొస్తాయి, దాన్ని పలచబరచాల్సిన అవసరమే లేదు. అక్కడి సూత్రాన్ని తెచ్చి తారులాంటి చమురుకు అంటగడితే ఫలితం తలకిందులు కాక ఏమవుతుంది?

దీనికి మించిన చిక్కు ఇంకొకటి ఉంది. సాధారణంగా వేడి పెరిగేకొద్దీ రసాయన చర్య వేగం పెరుగుతుందని చిన్న తరగతుల్లోనే నేర్చుకుంటాం. బరువైన చమురు మాత్రం ఒక పరిధిలో ఈ నియమాన్ని పాటించదు. సుమారు 300 నుంచి 350 డిగ్రీల మధ్య, చమురును బట్టి కొంచెం అటూ ఇటూగా, వేడి పెరిగినా ఆక్సిజన్‌ను తీసుకునే వేగం తగ్గుతుంది. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో గోర్డన్ మూర్, రాజ్ మెహతా బృందం దశాబ్దాల పాటు దహన గొట్టాల్లో చేసిన ప్రయోగాలతో ఈ వెనకడుగు ప్రాంతాన్ని ఎత్తి చూపింది. చమురు అణువు నుంచి విడివడిన ముక్కకు ఆక్సిజన్ అతుక్కోవడం రెండు వైపులా నడిచే చర్య అనీ, వేడి ఎక్కువైతే అతుక్కున్న ఆక్సిజన్ ఊడిపోతుందనీ, అందుకే పాత దారి మూసుకుపోతుందనీ వివరణ ఇస్తారు. కొత్త దారి, అంటే నిజమైన దహనం, తెరుచుకోవడానికి ఇంకాస్త వేడి కావాలి. ఈ మధ్యలో ఉన్నది లోయ. మంట అంచు ఆ లోయకు పైన ఉన్నంతసేపు దాని వేడి దాన్ని నిలబెడుతుంది. గాలి తగ్గి ఒకసారి కిందికి జారిందంటే మళ్లీ పైకి ఎక్కడం గగనమవుతుంది, ఎందుకంటే ఎక్కే దారిలో ప్రతి మెట్టు దగ్గరా వేడి పుట్టే వేగం తగ్గుతూ ఉంటుంది. కమ్మరి కొలిమి ముందు కూర్చున్న వాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. తిత్తి ఊదడం ఆపితే నిప్పు సగం వేడితో సగం పని చేయదు. ఇనుము సాగడమే మానేస్తుంది, పొగ మాత్రం వస్తుంది. భూమిలో ఆ పొగ కూడా కనపడదు, అంతే తేడా.

కనపడదన్నాను కానీ చూసే మార్గం ఉంది, చూడకపోవడమే అలవాటైంది. ఉత్పత్తి బావి నుంచి చమురుతో పాటు వచ్చే వాయువును పరీక్షించి, అందులో ఆక్సిజన్ ఒక శాతం దాటలేదంటే మంట బ్రహ్మాండంగా ఉందని నివేదికలు రాసేస్తారు. ఆక్సిజన్ మిగలకపోవడం భద్రతకు అవసరం, అందులో సందేహం లేదు. బావిలో చమురు ఆవిరితో ఆక్సిజన్ కలిస్తే పేలుడే. కానీ ఆక్సిజన్ మాయమైందంటే అది కోక్‌ను కాల్చిందనీ అర్థం కావచ్చు, చమురుకు అతుక్కుని కూర్చుందనీ అర్థం కావచ్చు. రెంటినీ విడదీసే లెక్క బడిపిల్లలు కూడా వేయగలిగినంత సులువు. ఒక బావి నుంచి వచ్చిన వాయువులో నూటికి కార్బన్ డయాక్సైడ్ 13, కార్బన్ మోనాక్సైడ్ 3, ఆక్సిజన్ 1, నైట్రోజన్ 83 పాళ్లు ఉన్నాయనుకుందాం. నైట్రోజన్ చర్యలో పాల్గొనదు కాబట్టి, మామూలు గాలిలోని నిష్పత్తి ప్రకారం 83 పాళ్ల నైట్రోజన్‌తో లోపలికి వెళ్లిన ఆక్సిజన్ 22 పాళ్లు. అందులో మిగిలింది 1, కార్బన్ డయాక్సైడ్‌లోకి పోయింది 13, మోనాక్సైడ్‌లోకి పోయింది ఒకటిన్నర. తక్కిన ఆరున్నర నీరుగా మారి ఉండాలి. దాన్నిబట్టి కాలిన ఇంధనంలో ఒక్కో కార్బన్ పరమాణువుకు 1.6 హైడ్రోజన్ పరమాణువులు వస్తాయి. చమురుకూ దాని అడుగు సరుకుకూ ఇది నప్పే సంఖ్య. ఇప్పుడు ఇంకో బావి. కార్బన్ డయాక్సైడ్ 8, మోనాక్సైడ్ 1, ఆక్సిజన్ 1, నైట్రోజన్ 90. ఆక్సిజన్ అక్కడా ఒక్క శాతమే, నివేదికలో రెండూ ఒకలాగే కనిపిస్తాయి. లెక్క వేస్తే మాత్రం ఒక్కో కార్బన్‌కు ఆరుకు పైగా హైడ్రోజన్ పరమాణువులు వస్తాయి. సహజవాయువైన మీథేన్‌లో కూడా కార్బన్‌కు నాలుగు హైడ్రోజన్లే. ఆరు ఉన్న హైడ్రోకార్బన్ ఈ ప్రపంచంలో లేదు. అంటే నీరైందని మనం అనుకున్న ఆక్సిజన్ నీరు కాలేదు, చమురులో దూరింది. రెండో బావి దగ్గర దహనం జరగడం లేదు, భూమి కింద తారు తయారవుతోంది. ఇలాంటి సంఖ్య చేతిలో ఉండి కూడా, ఆక్సిజన్ లేదు కాబట్టి గాలి ఇంకా తగ్గించవచ్చు అని నిర్ణయించడం రోగికి పథ్యం పేరుతో అన్నం మాన్పించడమే.

సరిగ్గా చేసిన చోట ఏమైందో చూడండి. రొమేనియా వాయవ్య మూలనున్న సుప్లాకులో 1964లో ప్రయోగాత్మకంగా మంట పెట్టారు. యాభై ఏళ్లు దాటినా పని ఆగలేదు. పొర పైభాగంలో నిప్పు మొదలుపెట్టి, వరసగా వేసిన బావుల గుండా గాలి పంపుతూ, పది కిలోమీటర్లు మించిన పొడవున మంట అంచును వాలు వెంట కిందికి నడిపించారు. మంట ముందుకు సాగినకొద్దీ వెనక వరసలోని బావుల్ని ఆపి గాలిని ముందు వరసకు మార్చారు. చిన్న చిన్న చదరాలుగా మంటలు పెట్టి, వాటి మధ్య గాలిని పంచి, ఏ ఒక్కదానికీ చాలకుండా చేసిన చోట్లతో దీన్ని పోల్చాలి. మన దేశంలో గుజరాత్‌లోని మెహసానా దగ్గర బలోల్, సంథాల్ క్షేత్రాల కథ ఇంకా గట్టి సాక్ష్యం. సుమారు వెయ్యి మీటర్ల లోతు, చిక్కటి చమురు, కింద బలమైన నీటి ఒత్తిడి. చమురు కదలకముందే పలచటి నీరు బావిలోకి దూసుకొచ్చేది. సహజ పద్ధతిలో చేతికొచ్చేది ఆరో వంతుకు అటూ ఇటూగా ఉంటుందని అంచనా. చమురును వేడెక్కించే ఇంకో మార్గం ఆవిరి పంపడం, కానీ ఆ లోతుకు పంపితే దారిలోనే వేడి పోతుంది. ఓఎన్‌జీసీ 1990లో బలోల్‌లో ప్రయోగం చేసి, 1997లో రెండు క్షేత్రాల్లోనూ వాణిజ్య స్థాయిలో గాలి పంపడం మొదలుపెట్టింది. నీళ్లు మాత్రమే వస్తున్న బావుల్లో మళ్లీ చమురు పెరిగింది. ఒకే దేశంలో ఒకే సంస్థ రెండు క్షేత్రాల్లో సాధించినదాన్ని జూదం అనడానికి వీల్లేదు.

విఫలమైనవాటిని దాచను. కెనడాలో 2006లో మొదలైన వైట్‌శాండ్స్ ప్రయోగం అందరూ ఎత్తి చూపే ఉదాహరణ. నిట్టనిలువు బావిలోంచి గాలి పంపి, అడ్డంగా తవ్విన బావిలోంచి చమురు తీసే ఆ ఏర్పాటు మీద ఎన్నో ఆశలు పెట్టుకున్నారు. ఆశించిన ఉత్పత్తి రాలేదు, ఆపేశారు. ఇసుక కొట్టుకురావడం లాంటి ఇబ్బందులు అక్కడ నిజంగా ఉన్నాయి, వాటన్నిటికీ గాలే కారణమని నేను చెప్పడం లేదు. గాలి తేలిక కనుక పొర పైభాగం పట్టుకుని పోతుంది, బీటలున్న రాతిలో దగ్గరి దారి వెతుక్కుంటుంది, పంపిన గాలి అంతా మంటకు చేరుతుందన్న హామీ ఎక్కడా లేదు. ఈ అభ్యంతరం బరువైనదే. అయితే దాని పర్యవసానం ఏమిటి? గాలి పక్కదారి పట్టే పొరలో మంటకు అందేది ఇంకా తక్కువ. అటువంటి చోట గాలి పెంచాలి, లేదా ఆ క్షేత్రాన్ని మొదటే వదిలేయాలి. తగ్గించడం మాత్రం ఏ తర్కానికీ నిలవదు. ఒక బావి అమరిక ఓడిపోతే ఓడింది ఆ అమరిక. 350 డిగ్రీల పైన కోక్ ఎలా కాలుతుందన్న సంగతి దానివల్ల మారదు.

మంట అంటే మనవాళ్లకున్న భయం గురించి కూడా చెప్పాలి. 1995 జనవరిలో కోనసీమలోని పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. ఆ మంట వెలుగు ఇప్పటికీ ఆ ప్రాంతం మరిచిపోలేదు. ఝరియా బొగ్గు గనుల్లో 1916లో కనిపించిన నిప్పు నేటికీ పూర్తిగా ఆరలేదు. ఇలాంటివి చూశాక భూమి కింద కావాలనే నిప్పు పెట్టడం పిచ్చితనమని అనిపించడం సహజం. కానీ పాశర్లపూడిలో గ్యాస్ బయటికి వచ్చి ఆకాశమంత గాలిలో మండింది. ఝరియాలో తవ్విన సొరంగాలూ నేల బీటలూ నిప్పుకు ఊపిరి పోస్తున్నాయి. వెయ్యి మీటర్ల కింద, పైన గట్టి మట్టిరాతి పొర కప్పి ఉన్న ఇసుకరాతిలో కంప్రెసర్ పంపిన గాలి తప్ప ఇంకో గాలి లేదు. కంప్రెసర్ ఆపితే మంట ఆకలితో చస్తుంది. భయపడాల్సిన చోటు వేరే ఉంది. గాలి పంపే బావి దగ్గర కంప్రెసర్ ఆగి, వెనక్కి తన్నిన చమురు ఆవిరి వేడి గొట్టాల్లో గాలితో కలవడం, ఉత్పత్తి బావిలోకి ఆక్సిజన్ చొరబడటం, ఆమ్లాలు గొట్టాలను తినేయడం అసలు ప్రమాదాలు. ఇవన్నీ నిర్వహణతో అదుపు చేయాల్సినవి, చేసినవి. అరకొర గాలితో వీటిలో ఒక్కటీ పోదు. పైగా తక్కువ వేడి ఆక్సీకరణ చమురులోనే ఆమ్లాలను పెంచుతుంది.

ప్రయోగశాల సంఖ్యలను నమ్మలేమనే వాదన పండితుల దగ్గర వినిపిస్తుంది. ఒకే చమురుకు ఒక్కో పరిశోధకుడు ఒక్కో క్రియాశీలతా శక్తి (చర్య మొదలవడానికి కావలసిన శక్తి) చెబుతాడు, కంప్యూటర్ నమూనాలు క్షేత్ర ఫలితాలతో సరిపోలవు అంటారు. నిజమే. కానీ ఆ నమూనాల్లో చాలావాటిలో చమురు ఆక్సీకరణను ఒకే చర్యగా, ఒకే సమీకరణంతో రాసిపెట్టారు. వేడితో పాటు వేగం పెరుగుతూనే పోయే ఆ సమీకరణంలో లోయకు చోటే లేదు. 1984లోనే స్టాన్‌ఫర్డ్‌లో ఫసీహి, బ్రిగమ్, రేమీ ఈ ఆక్సీకరణ ఒకదాని మీద ఒకటి కొంత పడుతూ వరసగా సాగే మూడు చర్యలని చూపించారు. అది తెలిసీ ఒక్క చర్యతో సరిపెట్టుకున్న నమూనా, గాలి సగం చేస్తే మంట సగం నెమ్మదిస్తుందని లెక్క కట్టి చూపుతుంది. మంట పూర్తిగా ఆరిపోతుందని అది చెప్పలేదు. నమూనా తప్పైతే దిద్దాల్సింది నమూనాను.

వాతావరణం మాటా వస్తుంది, రావాలి కూడా. భూగర్భ దహనం కార్బన్ డయాక్సైడ్‌ను పుట్టిస్తుంది, కంప్రెసర్లు విద్యుత్తు తాగుతాయి. దీన్ని పచ్చని పద్ధతి అని నేను అనను. దాని బదులు చేసే పని, అంటే ఆవిరి పంపడం, మాత్రం స్వచ్ఛమైనదా? పీపా చమురుకు మూడు పీపాల నీటిని ఆవిరి చేసి పంపితే, ఆ చమురులోని శక్తిలో సుమారు అయిదో వంతు విలువైన సహజవాయువు పైన కాలిపోతుంది, నీటి ఖర్చు వేరే. చిక్కటి చమురు భూమిలోనే ఉండిపోవాలని వాదించేవాళ్ల వాదన వేరు, దానికి గౌరవం ఉంది. తీయడమే నిర్ణయమైతే, అరకొర గాలితో పొరను జిగురు కట్టించి, చమురునూ పోగొట్టుకుని, పుట్టిన వాయువునూ మోయడం మాత్రం రెంటికీ చెడటమే.

కాబట్టి ఫలానా క్షేత్రంలో భూగర్భ దహనం విఫలమైందని ఎవరైనా చెబితే, ఆ మాట అక్కడితో వదిలేయకండి. ఉత్పత్తి బావుల వాయు విశ్లేషణ అడగండి. కార్బన్ డయాక్సైడ్, మోనాక్సైడ్, ఆక్సిజన్, నైట్రోజన్ నాలుగు సంఖ్యలు చాలు. హైడ్రోజన్, కార్బన్ నిష్పత్తి రెండు లోపు ఉండి కూడా చమురు రాకపోతే, ఆ పద్ధతి అక్కడ ఓడిపోయిందని ఒప్పుకుందాం. నిష్పత్తి నాలుగో అయిదో ఉంటే, అక్కడ మంట పెట్టనే లేదు.